చెరువు పని మోరీ దగ్గర మొదలు: మా కాలనీల ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

హైదరాబాద్ శివారులో ఉన్న మా చెరువు చుట్టూ నాలుగు కాలనీలు, రెండు పెద్ద అపార్ట్‌మెంట్లు, తూర్పు వైపు కొంత శికం పట్టా భూమి (నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే, చెరువు లోపలి సొంత భూమి) ఉన్నాయి. ఇన్నేళ్లూ ఎవరి వెల్ఫేర్ అసోసియేషన్ వాళ్లది, ఎవరి ఫిర్యాదులు వాళ్లవి. దోమలు ఎక్కువైతే ఒక కాలనీ ఫాగింగ్ మెషిన్ కోసం తిరిగేది. వాసన భరించలేనప్పుడు ఇంకో కాలనీ వినతిపత్రం ఇచ్చేది. చెరువు ఒక్కటే కాబట్టి కమిటీ కూడా ఒక్కటే ఉండాలని ఈ నెలలో అందరం కూర్చుని నిర్ణయించుకున్నాం. కమిటీలో ప్రతి అసోసియేషన్ నుంచీ మనుషులున్నారు. శికం పట్టాదారులూ, మత్స్య సహకార సంఘం వాళ్లూ ఉన్నారు. పని రికార్డు రాసే బాధ్యత నాకు అప్పగించారు. ఇలాంటి పనే మొదలుపెట్టాలనుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి మీటింగులో ఒకరు ఫౌంటెన్ అన్నారు, ఒకరు చుట్టూ సిమెంటు ట్రాక్ అన్నారు. ఏదో బాక్టీరియా ద్రావణం చల్లితే నీళ్లు తేటపడతాయని చెప్పే కరపత్రం ఒకరు తెచ్చారు. ఎక్కువమంది మాత్రం గుర్రపుడెక్క తీయించాలన్నారు, సగం చెరువును అదే కప్పేసింది మరి. అందరి మాటలూ విన్నాక మత్స్య సంఘం పెద్దాయన చెప్పిన మాట ఇది: "తీయుండ్రి సారూ, మంచిదే. గని మోరీలు గట్లనే ఉంటె మల్లొస్తది. నీళ్లల్ల పని తర్వాత. ముందుగాల మీ ఇండ్ల కాడ పని."

ఆయన చెప్పిన వరసనే ప్రాజెక్టు వరసగా రాసుకున్నాం. ముందు మోరీలు (మురుగు కాలువలు), తర్వాత గుర్రపుడెక్క, చెరువులో ఏమైనా పెట్టడం అన్నిటికన్నా చివర.

మార్చి

ఈ నెల టెన్షన్ అంతా హద్దు గురించే. ఒడ్డున ఇల్లున్న వాళ్లలో చాలామందికి చెరువు గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని ఉంటుంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఆ భయం ఇంకా పెరిగింది. "మనమే పోయి అధికారులను పిలుచుకురావడం ఎందుకండీ, ఉన్న ఇల్లు కాస్తా పోతే?" అని చివరి వరుసలో ఉండే ఒకావిడ సూటిగానే అడిగారు. అలా అడగడంలో తప్పేమీ లేదు. ఆ ఇల్లు ఆవిడ భర్త రిటైర్మెంట్ డబ్బులతో కట్టింది.

అందుకని ముందు కాగితాలు పట్టుకున్నాం. చెరువు అలుగు (మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టు) మట్టం వరకు నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా పరుచుకుంటుందో ఆ గీతే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువులకు ఆ గీత నుంచి 30 మీటర్ల బఫర్ (కట్టడాలు కట్టకూడని జాగా) ఉంటుంది. చిన్న చెరువులకు, కుంటలకు అది 9 మీటర్లు. ఈ గీతకు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మొదట ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తుంది, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషన్ ఇస్తుంది. మా చెరువు ఇంకా ప్రాథమిక దశలోనే ఉంది, కాబట్టి కొలతల గురించి మాట్లాడే హక్కు మాకు ఇప్పటికీ ఉంది. గ్రామ నక్షా, ఎఫ్‌టీఎల్ మ్యాపు, లేఅవుట్ ప్లాను పక్కపక్కన పెట్టుకుని, ఒక సర్వేయరును వెంటబెట్టుకుని గట్టంతా తిరిగాం. చివరి వరుసలో చాలా ఇళ్లు బఫర్‌కు బయటే ఉన్నాయని తేలింది. కొన్ని ప్రహరీలు, ఒక అపార్ట్‌మెంటు పార్కింగ్ షెడ్డు మాత్రం లోపలికి వచ్చాయి. షెడ్డు తామే తీసేస్తామని వాళ్లు రాసిచ్చారు. ప్రశ్న అడిగినావిడ ఇల్లు బయటే ఉంది. ఆవిడ ఇప్పుడు కమిటీ సభ్యురాలు.

హద్దు విషయంలో ఇంకో సంగతి కూడా రాయాలి. ఎఫ్‌టీఎల్ అనేది అలుగు ఎత్తును బట్టి వచ్చే గీత. అలుగును ఒక అడుగు కొట్టేస్తే లోతు తక్కువున్న చెరువులో ఎకరాలకెకరాలు నీటి నుంచి బయటపడతాయి. మా అలుగు రాతికట్టులో ఒకచోట రాళ్లు ఊడిపోయి ఉన్నాయి. అవి వాటంతట అవే ఊడాయా, ఎవరైనా తీశారా అన్న చర్చలోకి మేం పోలేదు. ఫొటోలు తీసి, పాత రికార్డులోని మట్టం జతచేసి, మరమ్మతు కోసం ఇరిగేషన్ శాఖకు అర్జీ పెట్టాం. చెరువుల మీద పనిచేసేవాళ్లు నీళ్లను చూసే ముందు అలుగును చూసి రావాలని నా అభిప్రాయం.

ఏప్రిల్

కొలవకుండా మొదలుపెడితే మారిందో లేదో తెలియదు. నీటి తేటదనం కొలవడానికి సెకీ పళ్లెం చేశాం. ఇటలీకి చెందిన సెకీ అనే మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త 1865లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి పెయింట్ వేయాలి. మధ్యలో తాడు, కింద బరువు. పడవ నీడ పడే వైపు నుంచి నీళ్లలోకి దించుతూ పోయి, పళ్లెం కనిపించకుండా పోయిన చోట తాడు మీద గుర్తు పెట్టుకోవాలి. మా పళ్లెం కట్ట దగ్గర జానెడు లోతుకే కనిపించకుండా పోయింది. నాలా కలిసేచోట బెత్తెడు కూడా దిగలేదు.

తర్వాత మోరీల వేట. ఎండాకాలంలో వాన నీళ్ల కాలువలు ఎండిపోయి ఉండాలి. ఏప్రిల్‌లో కూడా పారుతున్నదంటే అది మురుగే. ఈ ఒక్క సూత్రం పట్టుకుని చెరువు చుట్టూ నడిచి, పారుతున్న ప్రతి మోరీ నోరునూ మ్యాపులో గుర్తు పెట్టాం. కొన్ని నోళ్లు తుంగ, జమ్ము పొదల్లో దాక్కుని ఉన్నాయి. వాసనను బట్టి పట్టుకోవాల్సి వచ్చింది.

ఏ నోటికి ఏ ఇళ్ల నీళ్లు వస్తున్నాయో తెలుసుకోవడానికి ఫ్లోరెసిన్ అనే రంగు పొడి వాడాం. చిటికెడు పొడి బకెట్టు నీళ్లలో కలిపి, అనుమానం ఉన్న ఇంటి బాత్‌రూములోనో, అపార్ట్‌మెంటు ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) బయటి గొట్టంలోనో పోస్తే, కాసేపటికి చెరువు దగ్గర ఆకుపచ్చగా మెరుస్తూ బయటకొస్తుంది. ముందుగా ఇంటివాళ్ల అనుమతి తీసుకున్నాం, వాటర్ బోర్డు వాళ్లకూ చెప్పాం. మ్యాన్‌హోల్ మూతలు తెరవాల్సినచోట బోర్డు సిబ్బందే యంత్రాలతో వచ్చారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ పని చేయించే ప్రసక్తే లేదని మొదటి రోజే తీర్మానం రాసుకున్నాం.

ఫలితం చూశాక మీటింగులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పై ఊళ్ల నుంచి వచ్చే పెద్ద నాలా ఒకటుంది, నిజమే. కానీ ఒడ్డున ఉన్న నోళ్లలో చాలావాటికి మా కాలనీల నీళ్లే వస్తున్నాయి. కొన్ని వీధుల్లో డ్రైనేజీ లైను వేసినా ఇళ్ల కనెక్షన్లు పాత వాన కాలువలోనే ఉండిపోయాయి. రెండు అపార్ట్‌మెంట్లలో ఒకదాని ఎస్టీపీ నుంచి శుద్ధికాని నీళ్లు బయటకొస్తున్నాయి.

మే

ఎస్టీపీ పనితీరు గురించి అపార్ట్‌మెంటు కమిటీలకు ఎవరూ సరిగ్గా చెప్పరు. అందుకే ఇక్కడ కాస్త నిలబడతాను. మురుగును తినేది సూక్ష్మజీవులు. వాటికి ఊపిరి బ్లోయర్ నుంచి వచ్చే గాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు బ్లోయర్ ఆపేస్తే తొట్టి నల్లబడి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. రోజూ చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. గాలి ఊదే తొట్టి నుంచి లీటరు నీళ్లు గాజు జాడీలోకి తీసి అరగంట కదపకుండా ఉంచాలి. గోధుమరంగు మడ్డి పావు వంతు నుంచి మూడో వంతు దాకా పేరుకుని, పైన తేటనీరు నిలిస్తే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆ అపార్ట్‌మెంటులో తీసిన జాడీలో అడుగున కాస్త నల్లటి మడ్డి, పైన బూడిదరంగు నీళ్లు. బ్లోయర్ల మరమ్మతుకు, శిక్షణ ఉన్న ఆపరేటరుకు వాళ్ల జనరల్ బాడీ నిధి నుంచి డబ్బు ఇప్పించాం. కొత్త మడ్డిని బాగా నడిచే ఇంకో ప్లాంటు నుంచి ట్యాంకరులో తెచ్చి పోశారు.

అయితే ఎస్టీపీ బాగా నడిచినా పని పూర్తికాదు. మా కమిటీలో ఒకరి అమ్మాయి సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటుంది. వాళ్ల ఇంటికి దగ్గర్లోని లేక్ వాషింగ్టన్ చరిత్ర చెప్పింది. చుట్టుపక్కల ఊళ్లు మురుగును శుద్ధి చేసే అందులో వదిలేవి. అయినా 1955లో అక్కడ హానికరమైన నీలి ఆకుపచ్చ నాచు కనిపించింది. ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ ఇది ముదురుతుందని హెచ్చరించారు. 1958లో అక్కడి ప్రజలు ఓటేసి, ఖర్చు తామే భరించి, 1963 నుంచి 1968 మధ్య ఆ మురుగునంతా సరస్సులోకి రాకుండా మళ్లించారు. అప్పట్లో వేసవిలో మీటరు లోతు దాటి కనిపించని నీళ్లు 1970లలో మూడు మీటర్లకు పైగా తేటపడ్డాయి. సరస్సులో ఏ మందూ చల్లలేదు. మామూలు శుద్ధిలో ఫాస్ఫరస్ చాలావరకు పోదు, నాచుకు కావాల్సింది అదే. అందుకే శుద్ధి అయిన నీళ్లను కూడా తోటలకు, ఫ్లష్ ట్యాంకులకు తిరిగి వాడాలని, చెరువులోకి వెళ్లేది వీలైనంత తగ్గించాలని తీర్మానం చేశాం. రెండు అపార్ట్‌మెంట్లూ సంతకం పెట్టాయి.

ఇక్కడే అసలు గొడవ మొదలైంది. మురుగు ఆపితే చెరువు ఎండిపోతుంది కదా అని లేక్ వ్యూ ఫ్లాట్లు కొన్నవాళ్లు అడిగారు. అది నిజమే. హైదరాబాద్‌లో ఏడాదికి పడేది దాదాపు 800 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. మన గొలుసుకట్టు చెరువులు వానాకాలం నిండి, తూము ద్వారా పొలాలకు పారి, ఎండాకాలం తగ్గేలా కట్టినవి. తగ్గినప్పుడే పూడిక తీసేవారు, శికంలో కూరగాయలు పండించేవారు. మేలో నిండుగా కనబడే నీళ్లు మన ఇళ్ల నుంచి వచ్చినవే. ఎండాకాలం చెరువు తగ్గడాన్ని జబ్బుగా చూడకూడదు. ఫ్లాట్లు అమ్మేటప్పుడు ఏడాదంతా నిండుకుండగా చూపించిన ఫొటో ముందు మా మాట నిలబడడానికి చాలా మీటింగులు పట్టాయి. కొందరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాసుకుని పని కొనసాగించాం.

నెలాఖరులో, నీళ్లు తగ్గాక, గుర్రపుడెక్క తీయడం మొదలుపెట్టాం. మత్స్య సంఘం వాళ్లు కూలి మాట్లాడుకుని తెప్పల మీద నుంచి లాగి ఒడ్డుకు చేర్చారు, అక్కడి నుంచి జేసీబీ ఎత్తింది. ఇది చిన్న పని కాదు. అనుకూలంగా ఉంటే ఈ మొక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని గింజలు బురదలో పదిహేను ఇరవై ఏళ్ల దాకా మొలకెత్తే శక్తితో ఉంటాయి. తీసినదాన్ని గట్టు మీదే కుప్ప పోస్తే కుళ్లి, రసమంతా మళ్లీ చెరువులోకే పోతుంది. దానిలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే కాబట్టి దూరంగా పరిచి ఎండబెట్టాం. ఆ తర్వాత పేడతో కలిపి ఎరువు చేయడానికి శికం పట్టాదారులు తీసుకెళ్లారు. అది పీల్చుకున్న నత్రజని, ఫాస్ఫరస్ కూడా దాంతోపాటే చెరువు దాటాయి.

జూన్

తొలకరి పడిన మర్నాడు పొద్దున చేపలు తేలాయి. బొచ్చె, రవ్వ పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. కొర్రమీను మాత్రం బతికింది, పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి. మత్స్య సంఘానికి ఇది పెద్ద నష్టం. మాకందరికీ చాలా బాధ కలిగింది.

కారణం తెలిసిందే. మొదటి వాన ఎండాకాలమంతా కాలువల్లో పేరుకున్న కుళ్లును ఒక్కసారిగా ఊడ్చుకొస్తుంది. మబ్బు పట్టినప్పుడు నాచు ఆక్సిజన్ చాలా తక్కువగా తయారు చేస్తుంది, రాత్రంతా వాడుకుంటూనే ఉంటుంది. అందుకే ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉండేది సూర్యోదయానికి ముందు. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు కరిగిన ఆక్సిజన్ ఉండాలని కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మధ్యాహ్నం పరీక్షిస్తే పచ్చటి నీళ్లలో కూడా అంకె బాగానే కనిపిస్తుంది, అది చూసి నమ్మకూడదు. మా కిట్ పరీక్ష ఇప్పుడు తెల్లవారుజామునే. కాలేజీలో కెమిస్ట్రీ చదివే ఇద్దరు పిల్లలు ఆ బాధ్యత తీసుకున్నారు.

వచ్చే ఏడాది నుంచి మే రెండో సగంలో, వానకు ముందే, కాలువలన్నీ ఊడ్చి చెత్త ఎత్తించాలని రాసుకున్నాం. ఇది చేపల బతుకుకు సంబంధించిన పని కాబట్టి తేదీ దాటకూడదు.

జులై, ఆగస్టు

వానలు బాగా పడ్డాయి. సెకీ పళ్లెం మళ్లీ బెత్తెడుకు వచ్చింది, అంతా మట్టి నీళ్లు. ఈ కాలంలో తేటదనం లెక్కలోకి తీసుకోం. ఇళ్ల కనెక్షన్లు వాన కాలువ నుంచి డ్రైనేజీ లైనుకు మార్చే పని వీధి వీధిగా సాగుతోంది. ఖర్చు ఇంటివాళ్లదే. అద్దె ఇళ్లలో యజమానిని పట్టుకోవడమే కష్టం. అమెరికాలో ఉన్న ఒక యజమాని వాట్సాప్‌లోనే ఒప్పుకుని డబ్బు పంపారు.

రాత్రిపూట సెప్టిక్ ట్యాంకర్లు నాలాలో ఖాళీ చేయకుండా కల్వర్టు దగ్గర కెమెరా, గేటు పెట్టించాం. పోలీసులకు నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ దారిలో రావడం తగ్గింది.

సెప్టెంబరు, అక్టోబరు

వినాయక చవితి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మా నాలుగు కాలనీల మండపాలూ మట్టి విగ్రహాలే పెట్టాయి. మున్సిపాలిటీ వాళ్లు తవ్వించిన బేబీ పాండ్‌లో నిమజ్జనం చేశాం. ఊరి యువజన సంఘంతో మాట్లాడడానికి పురోహితుడు గారినే పంపాం. అది చాలా పనిచేసింది.

బతుకమ్మ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. తంగేడు, గునుగు పూలు చెరువుకు కీడు చేయవు. ఈ పండుగ చెరువు కోసమే పుట్టినట్టుంటుంది. మురుగు వాసనకు భయపడి కొన్నేళ్లుగా మా అపార్ట్‌మెంటు ఆడవాళ్లు ప్లాస్టిక్ తొట్టిలో బతుకమ్మను వదులుతున్నారు. ఈసారి కట్ట మైసమ్మ గుడి పక్కన మెట్లు శుభ్రం చేయించి, థర్మాకోలు, ప్లాస్టిక్ పూలు తేవద్దని ముందే చెప్పి, చెరువు దగ్గరే ఆడారు. చివరి వరుస ఇళ్లావిడ ఈ ఏర్పాట్లన్నీ చూసుకున్నారు. ఆ సాయంత్రం వచ్చిన వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఏ మీటింగుకీ రాలేదు. తర్వాతి వారమే కాలువ కనెక్షన్ మార్పుకు కొత్త పేర్లు వచ్చాయి.

తేలే తోటలు కూడా ఈ నెలలోనే పెట్టాం. 2018లో నెక్నాంపూర్ చెరువులో పెట్టిన తేలే తోట చూసి ఆ పద్ధతి తెలుసుకున్నాం. వెదురు చట్రం, తేలడానికి థర్మాకోలు, పైన గోనెసంచులు, కంకర, వాటిలో వట్టివేరు, మెట్టతామర, జమ్ము. వేళ్లు నీళ్లలోకి వేలాడి, వాటికి అంటుకున్న సూక్ష్మజీవులు, మొక్కలు కలిసి పోషకాలను లాక్కుంటాయి. మేం వీటిని పెద్ద నాలా కలిసేచోట పెట్టాం. ఒడ్డున నడిచేవాళ్లకు అందంగా కనిపించేచోట పెట్టమని అడిగినా ఒప్పుకోలేదు. ఏడాదికోసారి మొక్కలు కత్తిరించి బయటకు తేవాలి. చచ్చి నీళ్లలో కుళ్లితే తీసుకున్నదంతా తిరిగిచ్చేస్తాయి.

నవంబరు

వానలు వెలిశాక పళ్లెం మళ్లీ దించాం. కట్ట దగ్గర మూరెడు దాకా కనిపించింది. మూసిన మోరీలున్న దక్షిణం వైపు తేడా బాగా తెలుస్తోంది. పెద్ద నాలా వైపు పెద్దగా మార్పు లేదు. ఏప్రిల్‌లో గీసిన మ్యాపు, ఈ కొలతలు పక్కపక్కన పెట్టి మీటింగులో చూపించాం. మోరీ మూసిన చోట నీళ్లు తేటపడ్డాయి, మూయని చోట పడలేదు. గుర్రపుడెక్క మళ్లీ మొలిచింది, కానీ నాలా మూలకే పరిమితమైంది. అక్కడ వారం వారం తీస్తున్నారు. ఆ కూలి కోసం ప్రతి ఇంటి మెయింటెనెన్స్‌లో చెరువు పేరిట విడిగా ఒక చిన్న మొత్తం చేర్చాం.

శికం పట్టాదారులతో కూడా రాతపూర్వకంగా ఒప్పందం కుదిరింది. నీళ్లు తగ్గినప్పుడు వాళ్లు సాగు చేసుకుంటారు. మట్టి పోసి ఎత్తు చేయరు, రసాయన ఎరువులు వాడరు. వేసవిలో తీసే పూడిక మట్టిని, ల్యాబులో పరీక్షించి భార లోహాలు లేవని తేలితేనే, వాళ్ల పై పొలాలకు ఉచితంగా ఇస్తాం. పట్టా ఉండి కూడా ఇల్లు కట్టుకోలేని వాళ్ల బాధ నిజమైనది. ఏడాదంతా మురుగు నీళ్లు నిలబెట్టి వాళ్ల పంట కూడా పోగొట్టిన పాపంలో మా కాలనీలకు భాగం ఉంది. చెరువు మళ్లీ తగ్గడం, నిండడం మొదలైతే అందరికన్నా ముందు లాభపడేది వాళ్లే.

ఇక మిగిలింది పెద్ద నాలా. అది పై కుంట నుంచి వస్తుంది. ఆ కుంట చుట్టూ ఉన్న కాలనీలకు మా చెరువు కనిపించదు, వాసన కూడా రాదు. వాళ్ల అసోసియేషన్లకు ఫోన్ చేసి మాట్లాడాం. డిసెంబరు మొదటి ఆదివారం వాళ్ల కమ్యూనిటీ హాల్లో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. సెకీ పళ్లెం, రంగు పొడి, గాజు జాడీ, మా ఏప్రిల్ మ్యాపు తీసుకెళ్తున్నాం. మత్స్య సంఘం పెద్దాయన కూడా వస్తానన్నారు, మొదట ఆయన్నే మాట్లాడమంటాం. వాళ్ల కుంట అలుగు ఎలా ఉందో చూడడానికి మీటింగుకు గంట ముందే వెళ్లాలి.